అణువా, పరమాణువా, రేణువా? మరాఠీ మాధ్యమంలో చదివే తెలుగు పిల్లలకు రసాయన శాస్త్రాన్ని తెరమీద చూపించే పద్ధతి

గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు, చంద్రపూర్ జిల్లాలో బల్లార్‌పూర్, రాజురా వైపు, నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, దెగ్లూర్ వైపు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీ చదివే పిల్లలు ఎందరో. లెక్కల్లోనో భూగోళంలోనో ఈ రెండు భాషల మధ్య వాళ్లు సులువుగానే తిరుగుతారు. రసాయన శాస్త్రం దగ్గరికి వచ్చేసరికి కాలు తడబడుతుంది. కారణం పిల్లల తెలివి కాదు, మాటలు.

తెలుగులో పరమాణువు అంటే మూలకం గుణం పోకుండా మిగిలే అతి చిన్న భాగం. అలాంటివి కొన్ని కలిస్తే అణువు. మరాఠీ పాఠ్యపుస్తకంలో ‘అణూ’ అంటే మన పరమాణువు. మన అణువును మరాఠీలో ‘రేణూ’ అంటారు. ఇంటి తెలుగులో రేణువు అంటే ఇసుక రేణువు, దుమ్ము రేణువు. అంటే ‘నీటి రేణూ’ అని చదివిన పిల్లవాడి కళ్లముందు కదిలేది ఇసుక గింజంత గట్టి పలుకు. క్షారం సంగతి ఇంకా చిక్కు. తెలుగులో క్షారం ఆమ్లానికి ఎదురు గుణమున్న పదార్థం. మరాఠీ పుస్తకంలో దాని పేరు ‘ఆమ్లారి’. అక్కడ ‘క్షార’ అంటే మన లవణం. ఆమ్లం, ఆమ్లారి కలిస్తే క్షార, నీరు వస్తాయని పుస్తకం చెబితే, తెలుగు చెవికి అది ఆమ్లంలోంచి క్షారం పుట్టినట్టు వినిపిస్తుంది.

బొమ్మకు ఈ చిక్కు లేదు. తెరమీద రెండు తెల్ల గుండ్లు, ఒక ఎర్ర గుండు అతుక్కుని కదులుతుంటే, దాన్ని ఏ పేరుతో పిలిచినా అది అదే. సరిహద్దు బడుల్లో డిజిటల్ సిమ్యులేషన్‌తో (తెరమీద మీటలు జరిపి నడిపే కదిలే బొమ్మతో) దొరికే అసలు లాభం ఇదే. ముందు బొమ్మ, తర్వాత ఇంటి మాట, చివరికి పరీక్ష మాట. ఈ వరస తిరగబడితే ఖరీదైన ప్రొజెక్టర్ కూడా నల్లబల్ల చేసిన పనే చేస్తుంది.

ముందు సామాను

పాఠాలకు ఫెట్ సిమ్యులేషన్లు చాలు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం (బౌల్డర్) 2002 నుంచి వీటిని ఉచితంగా ఇస్తోంది. మొదలుపెట్టినవారు భౌతిక శాస్త్రంలో 2001 నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్. వీటిలో హెచ్‌టీఎంఎల్5 రకంవే తీసుకోండి. ఒక్కో సిమ్యులేషన్ ఒక్క ఫైలుగా దిగుతుంది, ఆ తర్వాత నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. నెట్ బాగా వచ్చే చోట ఒకసారి కూర్చుని, ఈ కింద చెప్పే ఏడింటినీ దింపి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ఏడాదంతా సరిపోతుంది. ప్రతి సిమ్యులేషన్ పేజీలోనూ అనువాదాల పట్టిక ఉంటుంది. అన్ని భాషల్లో అన్నీ ఉండవు కాబట్టి దింపేముందే చూసుకోండి. మరాఠీ దొరికితే మరాఠీదే తీసుకుని, క్లాసులో తెలుగులో మాట్లాడండి. పరీక్షలో రాయాల్సిన మాట తెరమీద, అర్థమయ్యే మాట చెవిలో పడటం మంచిది.

లాప్‌టాప్ ఒక్కటే ఉంటే ప్రొజెక్టర్‌కో టీవీకో కలిపి నడపండి. పగటి వెలుతురులో నల్ల నేపథ్యం మీద గుండ్లు కనిపించవు. స్టేట్స్ ఆఫ్ మ్యాటర్, మాలిక్యూల్ షేప్స్ లాంటి వాటిలో కింది మూల మెనూలో ‘ఆప్షన్స్’ (కొత్త వెర్షన్లలో ‘ప్రిఫరెన్సెస్’) తెరిస్తే ‘ప్రొజెక్టర్ మోడ్’ ఉంటుంది. అది నొక్కితే నేపథ్యం తెల్లబడుతుంది, వెనక బెంచీకి కూడా కనిపిస్తుంది.

పిల్లల చేతికి ఫోన్లు ఇవ్వగలిగితే నలుగురికి ఒకటి చాలు. ఫైలును ఫోన్‌లోకి పంపి ఫైల్ మేనేజర్‌లో నొక్కితే కొన్ని ఫోన్లలో తెల్ల తెర మాత్రమే వస్తుంది. ఫైలు చెడిపోలేదు, ఫోన్‌లో ముందే ఉన్న చిన్న హెచ్‌టీఎంఎల్ వ్యూయర్ దాన్ని నడపలేకపోతోంది. ‘ఓపెన్ విత్’లో క్రోమ్ ఎంచుకోండి. అన్ని ఫోన్లలోనూ ఇలా చేస్తూ కూర్చోలేం అనుకుంటే కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను లాప్‌టాప్‌లో వేసి, అందులో ఫెట్ చానెల్ దింపుకోండి. పాత వైఫై రౌటర్‌ను కరెంటుకు పెడితే నెట్ కనెక్షన్ లేకపోయినా లోపలి నెట్‌వర్క్ నడుస్తుంది. లాప్‌టాప్, ఫోన్లు అన్నీ దానికి కలపండి. ఫోన్ బ్రౌజర్‌లో లాప్‌టాప్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని అంకెల చిరునామా), దాని పక్కన రెండు చుక్కలు, 8080 కొడితే పేజీ వస్తుంది.

ఇక్కడ రెండు తప్పులు తరచూ జరుగుతాయి. మొదటిది, వైఫైలో నెట్ లేదని తెలియగానే ఫోన్ తనంతట తాను మొబైల్ డేటాకు మారుతుంది, పేజీ రాదు. పాఠం మొదలుకాక ముందే అన్ని ఫోన్లలో మొబైల్ డేటా ఆపించండి. రెండోది, రౌటర్ బదులు విండోస్ లాప్‌టాప్ హాట్‌స్పాట్ వాడబోవడం. లాప్‌టాప్‌కు ఏదో ఒక నెట్ కనెక్షన్ లేకపోతే అది మొదలే కాదు, మొదలైనా 8 ఫోన్లకు మించి కలుపుకోదు.

ఏ పాఠానికైనా ఒకటే నడక

స్కాట్లాండ్ రసాయన విద్యావేత్త అలెక్స్ జాన్‌స్టన్ 1991లో ఒక మాట స్పష్టం చేశారు. రసాయన శాస్త్రం మూడు అంతస్తుల్లో నడుస్తుంది: కంటికి కనిపించేది, కంటికి కనిపించని కణాలు, కాగితం మీద సంకేతాలు. టీచరు ఒకే వాక్యంలో ఈ మూడింటి మధ్యా దూకేస్తారు, పిల్లవాడు ఎక్కడో ఒకచోట జారిపోతాడు. సిమ్యులేషన్ చూపేది మధ్య అంతస్తును. పైనా కిందా ఉన్నవాటితో దాన్ని ముడివేయాల్సింది మనమే.

నలభై నిమిషాల పీరియడ్‌ను ఇలా పంచుకోండి.

1. మొదటి 5 నిమిషాలు చేతితో చేసే ప్రయోగం. తెర ఆపే ఉంచండి.
2. తర్వాత 7 నిమిషాలు: లోపల కణాలు ఎలా ఉంటాయో ప్రతి పిల్లా నోట్‌బుక్‌లో బొమ్మ గీయాలి, ఏం జరుగుతుందో ఒక వాక్యంలో రాయాలి. భాష వాళ్ల ఇష్టం.
3. ఆ తర్వాత 12 నిమిషాలు సిమ్యులేషన్. మౌస్ టీచరు చేతిలో ఉండకూడదు. ఒక పిల్ల నడపాలి, క్లాసు చెప్పిందే చేయాలి, సొంతంగా ఏదీ నొక్కకూడదు.
4. ఇంకో 8 నిమిషాలు మొదటి బొమ్మను చెరపకుండా పక్కనే రెండో బొమ్మ. ఏం మారిందో పక్కవాడికి చెప్పాలి.
5. మిగిలిన సమయం సంకేతాలకు, మాటల పట్టికకు.

రెండో మెట్టును ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. ముందుగా ఊహించకుండా తెర చూసిన పిల్లలకు రంగులే గుర్తుంటాయి. పైగా కరెంటు పోతే ఆగకుండా నడిచేది ఈ మెట్టే. అందుకే ప్రతి సిమ్యులేషన్‌లో ముఖ్యమైన మూడు నాలుగు తెరలను ముందే ప్రింటు తీసి ఉంచుకోండి.

మాటల పట్టికను గోడమీద చార్టుగా పెట్టి ఏడాదంతా పెంచండి. మూడు గడులు: బొమ్మ, తెలుగు మాట, మరాఠీ మాట. బొమ్మ గడి ఎడమవైపు మొదట ఉండాలి. పరమాణువు – అణూ, అణువు – రేణూ, మూలకం – మూలద్రవ్య, సమ్మేళనం – సంయుగ, పరమాణు సంఖ్య – అణుఅంక, క్షారం – ఆమ్లారి, లవణం – క్షార. అణువు, క్షారం ఉన్న వరసలను ఎర్ర సిరాతో రాయండి.

పరమాణువు: బిల్డ్ యాన్ ఆటమ్

మొదటి తెరలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్ల బుట్టలు మూడు ఉంటాయి. మూలకం పేరు, ఆవేశం, స్థిరత్వం చూపే గుర్తులన్నీ ముందే తీసేయండి. అవి కనిపిస్తే పిల్లలు ఆలోచించడం మాని చదవడం మొదలుపెడతారు.

3 ప్రోటాన్లు, 4 న్యూట్రాన్లు, 3 ఎలక్ట్రాన్లు పెట్టించండి. ‘ఇదేమిటి?’ అని అడిగి, జవాబులు రాసుకున్నాకే పేరు తెరవండి: లిథియం. ఇప్పుడు ఒక న్యూట్రాన్ తీస్తే పేరు మారుతుందా అని అడగండి. సగం మంది మారుతుందంటారు. తీసి చూపండి, లిథియం లిథియంగానే ఉంటుంది. ప్రోటాన్ ఒక్కటి చేర్చగానే బెరీలియం. మూలకం పేరును నిర్ణయించేది ప్రోటాన్ల లెక్కేనని ఇక మళ్లీ చెప్పాల్సిన అవసరం రాదు.

అసలు తప్పు ఎలక్ట్రాన్ దగ్గర బయటపడుతుంది. మళ్లీ లిథియం కట్టి, ఒక ఎలక్ట్రాన్ తీస్తే ఆవేశం ఎంత అని అడగండి. “తీసేసినం గదా సార్, మైనస్ ఒకటి” అంటారు. లెక్కల క్లాసులో నేర్చుకున్నదాన్ని బట్టి ఇది సరైన ఆలోచనే. అందుకే కొట్టిపారేయకండి. ఆవేశం గడి తెరిచి +1 చూపించి, తీసింది ఏమిటని అడగండి. మైనస్ వస్తువును తీసేస్తే మిగిలేది ప్లస్ వైపే. అప్పు మాఫీ అయితే ఆస్తి పెరిగినట్టే కదా అంటే వెంటనే పట్టుకుంటారు. ఫ్లోరిన్ కట్టి ఒక ఎలక్ట్రాన్ చేర్పించి, ఎదురు దిశలో కూడా చూపండి.

ఈ సిమ్యులేషన్ 10 ప్రోటాన్ల దగ్గర, అంటే నియాన్ దగ్గర ఆగిపోతుంది. ఉప్పు గురించి చెబుతూ సోడియం కట్టిద్దామంటే కుదరదు. అయాన్ల (ఆవేశమున్న పరమాణువుల) పాఠాన్ని లిథియం, ఫ్లోరిన్‌లతోనే అల్లుకోండి.

తెర చెప్పే ఒక అబద్ధాన్ని కూడా ఇక్కడే విప్పాలి. తెరమీద కేంద్రకం కక్ష్యలతో పోలిస్తే చాలా పెద్దది. నిజానికి పరమాణువు కేంద్రకం కంటే పదివేల నుంచి లక్ష రెట్లు వెడల్పు. శనగగింజను బడి గుమ్మంలో పెట్టి, ఇది కేంద్రకమైతే ఎలక్ట్రాన్లు తిరిగే చోటు వంద మీటర్ల నుంచి కిలోమీటరు దాకా వెడల్పు ఉంటుందని చూపండి. మధ్యలో ఉన్నదంతా ఖాళీ. ‘మోడల్’ గడిలో కక్ష్యల బదులు మేఘాన్ని ఎంచుకుని ఎలక్ట్రాన్ ఫలానా చోట ఉంటుందని చెప్పలేమని ఒక్క మాట అంటే తొమ్మిదో తరగతికి చాలు.

పదార్థ స్థితులు: సిరంజితో మొదలు

సూది లేని 20 మి.లీ. సిరంజి మందుల షాపులో దొరుకుతుంది. పిస్టన్‌ను 20 దాకా లాగి, మూతిని వేలితో గట్టిగా మూసి నొక్కించండి. గాలి దాదాపు సగానికి కుదించుకుపోతుంది, వదిలితే వెనక్కి తంతుంది. ఇప్పుడు నీళ్లు నింపి, మూతి పైకి పెట్టి బుడగలన్నీ బయటికి పంపి నొక్కించండి. కదలదు. ఒక్క బుడగ మిగిలినా కొంచెం కదులుతుంది, దాంతో పిల్లలు నీళ్లు కూడా నలుగుతాయని నమ్ముతారు. బుడగ తీయడంలో అశ్రద్ధ వద్దు.

సిరంజిలో గాలి, నొక్కకముందు ఒకటి, నొక్కాక ఒకటి, రెండు బొమ్మలు గీయించండి. ఈ బొమ్మల్లో మూడు రకాల తప్పులు కనిపిస్తాయి. కణాలన్నీ ఒక మూలకు చేరినట్టు గీస్తారు. నొక్కాక కణాలే చిన్నవైనట్టు గీస్తారు. కణాల మధ్య ఖాళీని నీలం రంగుతో నింపి ‘గాలి’ అని రాస్తారు. మూడోది చాలా లోతైన తప్పు. గాలి అంటేనే కణాలైనప్పుడు కణాల మధ్య ఇంకో గాలి ఎక్కడినుంచి వస్తుంది? మధ్యలో ఏమీ లేదన్న మాటను పిల్లల మనసు సులువుగా ఒప్పుకోదు.

స్టేట్స్ ఆఫ్ మ్యాటర్‌లో ముందు నియాన్ ఎంచుకోండి, నీటిని కాదు. నియాన్ ఒక్కో గుండే, చూడ్డానికి తేలిక. ఘన స్థితి నుంచి కింద ఉన్న వేడి మీటను నెమ్మదిగా పైకి జరపాలి. ఒక పిల్లను తెర దగ్గరికి పిలిచి, ఒక గుండు వెడల్పును కాగితం ముక్కతో కొలిచి గీత పెట్టమనండి. వేడి చేశాక అదే కాగితంతో మళ్లీ కొలవమనండి. గుండు అంతే ఉంది, వేగమూ దూరమూ మాత్రమే పెరిగాయి. వేడికి కణం ఉబ్బుతుందన్న ఆలోచనను పది నిమిషాల ఉపన్యాసం కంటే ఈ కాగితం ముక్క బాగా తుడిచేస్తుంది. తర్వాత నీటికి మారండి.

‘ఫేజ్ చేంజెస్’ తెరలో మూత, పంపు ఉంటాయి. మూతను కిందికి తోస్తే సిరంజిలో జరిగిందే కనిపిస్తుంది. పంపు ఎక్కువ కొట్టినా, వేడి ఎక్కువైనా మూత ఎగిరిపోతుంది. పిల్లలకు ఇది తెలిసిన క్షణం నుంచి వాళ్ల ధ్యాసంతా దానిమీదే. వద్దనకండి. మొదట్లోనే రెండు నిమిషాలు ఎగరగొట్టనిచ్చి, ‘రిటర్న్ లిడ్’ నొక్కించి, అప్పుడు పాఠం మొదలుపెట్టండి.

లెక్కలు రెండు చెప్పాలి. తెరమీద ఉన్నవి కొద్దిపాటి కణాలే. 0.05 మి.లీ. నీటి బొట్టులో అణువులు దాదాపు 1,67,00,000 కోట్ల కోట్లు. అలాగే 100 డిగ్రీల దగ్గర నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్ల చోటు కావాలి. తెర పెట్టెలో అంత చోటు పట్టదు కాబట్టి వాయువు నిజం కంటే చాలా ఇరుగ్గా కనిపిస్తుంది.

సమీకరణాలు: ఇడ్లీ వడ లెక్క

బ్యాలెన్సింగ్ కెమికల్ ఈక్వేషన్స్‌లో అమ్మోనియా తయారీ, నీటి విచ్ఛేదన, మీథేన్ దహనం ఉంటాయి. సంకేతం ముందు రాసే పెద్ద 2కూ, సంకేతం పక్కన కింద రాసే చిన్న 2కూ తేడా తెలియకపోవడమే ఇక్కడి రోగం. లెక్క కుదరకపోతే పిల్లలు చిన్న అంకెను మార్చేస్తారు, నీరు కాస్తా ఇంకేదో పదార్థం అయిపోతుంది. సిమ్యులేషన్‌లో చిన్న అంకె మారదు. పెద్ద అంకె పెంచితే ఇంకో పూర్తి అణువు వచ్చి పక్కన నిలబడుతుంది. ఈ ఒక్క సంగతిని రెండు మూడు సార్లు చూపండి.

నవ్వుముఖం వచ్చేదాకా బాణాలు నొక్కుకుంటూ పోవడం అందరూ చేసే పనే. అలా చేస్తే జవాబు వస్తుంది, చదువు రాదు. అంకెలు ముందు నోట్‌బుక్‌లో రాసి, టీచరుకు చూపి, అప్పుడే తెరమీద పెట్టాలని నియమం పెట్టండి.

రియాక్టెంట్స్, ప్రోడక్ట్స్ అండ్ లెఫ్టోవర్స్‌లో మొదటి తెర శాండ్‌విచ్‌ది. పిల్లలకు అది దూరపు తిండి. దానికి ముందు నల్లబల్ల మీద మన టిఫిన్ ప్లేటు వేయండి. ఒక ప్లేటు అంటే రెండు ఇడ్లీలు, ఒక వడ. తొమ్మిది ఇడ్లీలు, ఆరు వడలు ఉంటే ఎన్ని ప్లేట్లు? నాలుగు. ఒక ఇడ్లీ, రెండు వడలు మిగులుతాయి. దీన్ని చిటికెలో చెప్పేస్తారు. తర్వాత నీటి తయారీకి వెళ్లి, హైడ్రోజన్ అణువులు 5, ఆక్సిజన్ అణువులు 3 పెట్టించండి.

నీటి అణువులు 4 వస్తాయి. హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 1 మిగులుతాయి. బాగా చదివే పిల్ల ఇక్కడే చెయ్యెత్తుతుంది. పరిమిత క్రియాజనకం (ముందుగా ఖర్చయ్యే పదార్థం) పూర్తిగా అయిపోతుందని కదా చెప్పారు, మరి రెండూ ఎందుకు మిగిలాయి? చాలామంది టీచర్లు సిమ్యులేషన్‌లో లోపం అనుకుని దాటేస్తారు. లోపం కాదు. తెరమీద ఉన్నవి విడివిడి అణువులు, సగం అణువు తీసుకోలేం. అదే 5 మోల్‌లు, 3 మోల్‌లు (మోల్ అంటే డజను లాంటిదే, అణువులను లెక్కించే చాలా పెద్ద కట్ట) అనుకుంటే 5 మోల్‌ల హైడ్రోజన్‌కు 2.5 మోల్‌ల ఆక్సిజన్ సరిపోతుంది. హైడ్రోజన్ మొత్తం అయిపోయి 5 మోల్‌ల నీరు వస్తుంది, ఆక్సిజన్ 0.5 మోల్ మిగులుతుంది. విడి అణువుల లెక్కకూ మోల్ లెక్కకూ మధ్య గీత ఎక్కడుందో చూపించడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. రెండు జవాబులనూ బోర్డు మీద పక్కపక్కనే రాసి, పిల్లలనే వాదించుకోనివ్వండి.

అణువుల ఆకారానికి ఎక్కువ సమయం అక్కర్లేదు. నాలుగు బెలూన్లను ఒకే ముడిగా కడితే వాటంతట అవే మీథేన్ ఆకారానికి వస్తాయి. అది చూపి మాలిక్యూల్ షేప్స్ తెరవండి. నిజమైన అణువుల తెరలో ‘మోడల్’ నుంచి ‘రియల్’కు మారిస్తే నీటి కోణం 109.5 నుంచి 104.5 డిగ్రీలకు తగ్గుతుంది. బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటల తోపుడు ఎంతో అక్కడ కొలవవచ్చు.

ఆమ్లాలు: బలహీనం వేరు, పలుచన వేరు

పది మందార రేకులను 100 మి.లీ. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వడకట్టండి. నిమ్మరసం చుక్కలకు గులాబీ ఎరుపు, చాకలి సోడా నీళ్లకు ఆకుపచ్చ. ఈ రంగుల మార్పు తెరమీద కాదు, గ్లాసులోనే చూడాలి. రంగు, వాసన, వేడి ఉన్న చోట సిమ్యులేషన్‌ను అసలు పిలవకండి.

యాసిడ్-బేస్ సొల్యూషన్స్‌ను పిలవాల్సింది ఒకే ప్రశ్నకు: బలహీన ఆమ్లం అంటే నీళ్లు కలిపిన ఆమ్లమేనా? బలమైన ఆమ్లాన్ని, బలహీన ఆమ్లాన్ని రెంటినీ లీటరుకు 0.01 మోల్ గాఢతలోనే ఉంచండి. పీహెచ్ (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అని చూపే అంకె) మీటరు ముంచితే మొదటిదానికి 2, రెండోదానికి దాదాపు 4.5. బల్బు తీగలు ముంచితే మొదటిది వెలుగుతుంది, రెండోది మసకగా ఉంటుంది. కలిపిన మొత్తం ఒకటే. కణాల దృశ్యంలో చూస్తే బలమైన ఆమ్లం మొత్తం అయాన్లుగా విడిపోయింది, బలహీన ఆమ్లం చాలావరకు విడిపోకుండా జంటగానే ఉంది. ఇప్పుడు గాఢత మీటను, బలం మీటను వేర్వేరుగా జరిపించండి. రెండు మీటలున్నాయంటే అవి రెండు వేర్వేరు సంగతులన్నమాట. నీటి అణువులను తెర మామూలుగా దాచే ఉంచుతుంది. ఆ గుర్తు నొక్కి ఒకసారి చూపండి, లేకపోతే ఆమ్లం ఖాళీలో తేలుతోందనుకుంటారు.

పీహెచ్ స్కేల్‌లో నారింజ రసం తీసుకుని నీళ్లు పోస్తూ పోతే పీహెచ్ ఎక్కడి దాకా పెరుగుతుందని ముందే రాయించండి. 14 దాకా అని రాసేవాళ్లు ఉంటారు. 7 దగ్గరికి వెళుతుందే తప్ప దాటదు. నీళ్లు పోసినంత మాత్రాన ఆమ్లం క్షారం కాదు.

ఈ వాక్యాన్ని మరాఠీలో రాయించేటప్పుడు గోడమీది చార్టు దగ్గరికి పంపండి. అక్కడ ‘ఆమ్లారి’ అని రాయాలి. ‘క్షార’ అని రాస్తే పరీక్షకుడు లవణం అని చదువుకుంటాడు, విషయం తెలిసిన పిల్లకు మార్కు పోతుంది.

రెండు వారాల తర్వాత

తెర లేకుండా ఒక కాగితం ఇవ్వండి. మూతి మూసిన సిరంజిలో గాలిని నొక్కకముందు, నొక్కాక బొమ్మలు. 7 హైడ్రోజన్ అణువులు, 2 ఆక్సిజన్ అణువులు కలిశాక పెట్టెలో ఏముంటుందో బొమ్మ. లిథియం అయాన్ బొమ్మ. మాటలు రాయక్కర్లేదు. రెండో బొమ్మలో 4 నీటి అణువులు, 3 హైడ్రోజన్ అణువులు ఉండాలి. మిగిలిన హైడ్రోజన్‌ను విడి గుండ్లుగా 6 గీసినవాళ్లకు పరమాణువు, అణువు తేడా ఇంకా కుదరలేదు. వాళ్లను సమీకరణాల తెర దగ్గర మళ్లీ కూర్చోబెట్టండి. సిరంజిలో గాలి మధ్య గాలి గీసినవాళ్లకు నియాన్ తెర, కాగితం ముక్క. అయాన్‌కు 4 ఎలక్ట్రాన్లు పెట్టినవాళ్లను లిథియం బుట్టల దగ్గరికి పంపి, ఈసారి మౌస్ వాళ్ల చేతికే ఇవ్వండి.